నలభై రెండో పెట్టె, నాలుగో వరుస

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళు రాళ్ళకు కాపలా కాశాడు. ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే ఆయన చెప్పే జవాబు అదే. "రాళ్ళనెవరెత్తుకుపోతారండీ?" అని నవ్వితే, "ఎత్తుకుపోరు, కలిపేస్తారు" అని తనూ నవ్వేవాడు.

భూగర్భ సర్వే ఆఫీసు వెనక పొడవాటి రేకుల షెడ్డు ఆయన లోకం. భూమిలోకి బోరు దించినప్పుడు గొట్టంలోంచి రాయి గుండ్రటి కడ్డీలుగా, మణికట్టంత లావున పైకి వస్తుంది. దాన్ని వాళ్ళు కోర్ అంటారు. చెక్కపెట్టెలో ఐదు గాళ్ళు, ఒక్కో గాడిలో మీటరు కోర్. దాన్ని పుస్తకం చదివినట్టే చదవాలి. పై వరుస ఎడమ కొస నుంచి మొదలుపెట్టి కుడి కొసకి, మళ్ళీ కింది వరుస ఎడమ కొసకి. అలా పోతున్నకొద్దీ లోతుకి, అంటే వెనకటి కాలానికి, దిగుతున్నట్టు. రాయి ఎటుది అటే ఉండాలని, పైకి రాగానే దాని పొడవునా రెండు గీతలు గీస్తారు. పెట్టె ముందు నిలబడితే ఎర్రగీత మన వైపు ఉండాలి, నల్లగీత అవతలి వైపు.

"ఇంతేరా బావమరిదీ, మా శాస్త్రం" అనేవాడు నాతో. నేను అప్పట్లో ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పని చేస్తూ వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఇంతే అన్నాడు గానీ ఆ ఇంతకే ఆయన ఎంత నిష్ఠగా ఉండేవాడో నాకు తెలుసు. తాళం తీసి, గుమ్మంలో చెప్పులు విడిచి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని గానీ లోపల అడుగుపెట్టేవాడు కాదు. పెట్టె ఎవరికిచ్చినా ముందు రిజిస్టరులో సంతకం. పెట్టె తిరిగొచ్చాక మూత తీసి, ఐదు వరుసలూ కళ్ళతో చూసి, అప్పుడు అరలోకి. ఎనిమిదో తరగతి చదివినవాడి మాట డాక్టరేట్లున్నవాళ్ళు కిమ్మనకుండా వినేవాళ్ళు.

రాళ్ళ సారు ఆ ఆఫీసుకి వచ్చింది ఇప్పుడు చెప్పబోయే గొడవకి ఇరవై ఏళ్ళ ముందు. అప్పటికి కుర్ర శాస్త్రవేత్త. మొదటి రోజు కొత్త బూట్లు కరిచి మడమలు చిట్లి, కుంటుకుంటూ షెడ్డులోకి వచ్చాడట. బావ ఏమీ అడక్కుండా తన చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, తను సాయంత్రం దాకా ఉత్తకాళ్ళతో తిరిగాడు. ఆ రోజు నుంచి రాళ్ళ సారుకి మా బావ అన్నయ్య, మా అక్క వదిన. రాళ్ళ సారు అన్న పేరు మా అక్క పెట్టిందే. ఆయన రెండుపూటలా మా ఇంట్లో టీ తాగేవాడు. అక్క గ్లాసు చేతికిస్తూ, "రాళ్ళు నానేసి పెట్టిన టీ బాబూ, మీకోసమే" అనేది. వాళ్ళావిడ పురిటికి వెళ్ళినప్పుడు నెలన్నర పాటు ఆయన భోజనం మా అక్క చేతిదే.

పేర్ల కథలన్నీ మా బావకి చెప్పింది ఆయనే. మధ్యాహ్నాలు, ఖాళీ పెట్టెలు బోర్లించుకుని కూర్చుని చెప్పేవాడు. నేను క్యారియరు తీసుకెళ్ళిన రోజుల్లో నా చెవినా పడేవి.

"ఈ కాలాల పేర్లు పండితులంతా ఒకచోట కూర్చుని ఆలోచించి పెట్టారనుకుంటున్నావా అన్నయ్యా?"

"కాదా మరి? నోరు తిరగట్లేదంటే పండితులు పెట్టినవేగా."

"ఎవరికి ఏ రాయి ఎక్కడ కనబడితే అక్కడి పేరు తగిలించారు. జూరా అనే కొండలున్నాయి. అక్కడి సున్నపురాళ్ళని చూసి జురాసిక్ అన్నారు. పెర్మ్ అనే ఊరు చుట్టుపక్కల రాళ్ళు చూసి పెర్మియన్. డెవన్ అనే జిల్లా ఉంది, దాని పేరుతో డెవోనియన్."

"ఊరి పేరు దొరక్కపోతేనో?"

"రాయి మొహం చూసి పెట్టారు. బొగ్గు పుట్టే పొరలకి బొగ్గు పేరుతో కార్బోనిఫెరస్. సుద్ద ఉన్నవాటికి సుద్ద పేరుతో క్రెటేషియస్. ఒకాయనకి ఒకదానిమీద ఒకటి మూడు రకాల పొరలు కనబడ్డాయి. మూడు గదా అని ట్రయాసిక్ అన్నాడు."

బావ కాసేపు ఆలోచించి, "అయితే మా వీధిలో పిల్లలకి పెట్టినట్టే. పొట్టోడు, బొగ్గులోడు, మూడో ఇంటోడు" అన్నాడు. రాళ్ళ సారు తాగుతున్న నీళ్ళు పొలమారేలా నవ్వాడు.

వాటన్నిటిలోనూ బావకి బాగా నచ్చిన కథ ఇద్దరు స్నేహితులది. వేల్స్ అనే కొండల దేశానికి పాత పేరు కేంబ్రియా. అక్కడి రాళ్ళు చదవాలని ఇద్దరు ప్రాణస్నేహితులు బయల్దేరారు. ఒకాయన అడుగు పొరల నుంచి పైకి చదివాడు, రెండో ఆయన పై నుంచి కిందికి. మొదటాయన తన పొరలకి కేంబ్రియన్ అని పేరు పెట్టాడు. రెండో ఆయన ఆ ప్రాంతంలో పూర్వం ఉన్న ఒక తెగ పేరుతో సైలూరియన్ అన్నాడు. తీరా చూస్తే మధ్యలో కొన్ని పొరలు ఇద్దరి లెక్కలోనూ ఉన్నాయి. నావంటే నావని మాటలు పెరిగి, మాట్లాడుకోవడమే మానేశారు.

"అయ్యో. రాళ్ళకోసమా?" అన్నాడు బావ.

"రాళ్ళకోసమే. ఆ తర్వాత మూడో ఆయన వచ్చి మధ్య పొరలకి ఇంకో తెగ పేరుతో ఆర్డోవిషియన్ అని పెట్టాడు. దాంతో ఇద్దరూ సరేనన్నారు. మళ్ళీ కలిసి తిరిగారు."

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ మాకు ఆ కథంతా మళ్ళీ చెప్పాడు. "పేరు మార్చుకుంటే పోయేదానికి మనుషులు ఎంత బాధపడ్డారో చూడు" అన్నాడు. అక్క, "సరే గానీ, నిన్నటి కూర కొంచెం మిగిలింది. అది ఏ కాలంలోకి వస్తుందో చెప్పి తినేయండి" అంది. వారం తిరక్కుండా బావ షెడ్డులో ప్రతి అర చివరా ఒక్కో కాలం పేరు తెల్లరంగుతో, తన గుండ్రటి బడి అక్షరాలతో రాశాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఏ అర ఎవరిదో, ఆ పేరెలా వచ్చిందో తనే చెప్పేవాడు.

ఇక నలభై రెండో పెట్టె సంగతి. తొమ్మిదో బోరులోది. పెర్మియన్ అయిపోయి ట్రయాసిక్ మొదలయ్యే చోటు ఆ పెట్టెలో నాలుగో వరుసలో ఉంది. ఆ రెండింటి మధ్య సముద్రంలో బతికేవి చాలామటుకు చచ్చిపోయాయట. అందుకని ఆ వరుసలో కుడివైపు, అంటే అడుగున, రాతినిండా గవ్వలు ఉంటాయి. ఎడమవైపు, అంటే పైన, ఏమీ ఉండవు. బావ నీళ్ళు చిలకరించి నాకు చూపించాడు ఒకసారి. బియ్యం చల్లినట్టున్న గవ్వలు ఒకచోట టక్కున ఆగిపోయాయి.

ఒకరోజు రాళ్ళ సారు హడావిడిగా వచ్చాడు. నలభై రెండు కావాలన్నాడు.

బావ రిజిస్టరు తెరిచాడు.

"రేపు రాద్దాంలే అన్నయ్యా, వెలుతురు పోతోంది. ఫొటో తీసి, నమూనాకి నాలుగు ముక్కలు కొట్టుకుని పెట్టేస్తాను. నువ్వు పొద్దుట్నుంచీ ఏం తినలేదుగా, వెళ్ళి తినిరా."

తినలేదన్న సంగతి గుర్తుంచుకుని అడిగినందుకు బావకి మనసు నిండిపోయింది. రిజిస్టరు మూసి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పెట్టె అరలో ఉంది, సారు ఫోనులో మాట్లాడుతూ గేటు దాటుతున్నాడు. బావ మూత తీసి చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో మూత తీసి చూడని పెట్టె అదొక్కటే. రేపు రాద్దామన్న మాట ఆయనా ఎత్తలేదు, అడిగితే నొచ్చుకుంటాడని బావా ఎత్తలేదు.

ఏడాదిన్నర తర్వాత రాళ్ళ సారు పేరు పెద్ద పత్రికలో వచ్చింది. గవ్వలు పోయాక పోయినట్టే అని అందరూ అనుకుంటుంటే, మూరెడు ఖాళీ తర్వాత అవే గవ్వలు పైన మళ్ళీ కనబడ్డాయని రాశాడు. చచ్చిపోయాయనుకున్నవి ఎక్కడో దాక్కుని తిరిగొచ్చాయన్నమాట. ఆఫీసులో దండలు వేశారు. బావ ఆ కాగితం ఇంటికి తెచ్చి అక్కకి చూపించి, "మన పెట్టె" అన్నాడు. ఒక్కముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు.

ఆ వింతని కళ్ళారా చూద్దామని వేరే సంస్థ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కళ్ళజోడు మేడం అన్నారు అందరూ, మెడలో ఒకటి, నెత్తిన ఒకటి, చేతిలో ఒకటి ఉండేవి గనక. రాళ్ళ సారు, పెద్దాఫీసరు పక్కన నిలబడగా ఆవిడ నలభై రెండో పెట్టె మూత తీయించింది. నీళ్ళు చల్లింది. చాలాసేపు వంగి చూసింది. తర్వాత మెల్లగా, "కొంచెం ఇలా రండి. ఎర్రగీత ఎటుందో చూడండి" అని బావని పిలిచింది.

నాలుగో వరుసలో ఎర్రగీత అవతలివైపు ఉంది. వరుస మొత్తం కొస మార్చి పెట్టి ఉంది. గవ్వలు లేచిరాలేదు. తిరగేసి పెట్టిన రాళ్ళని తిన్నగా ఉన్నాయనుకుని చదివారు, అంతే.

బావకి ఆ క్షణానే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. రాళ్ళ సారు మొహంలోకి చూశాడు. ఆయన కూడా గుర్తుతెచ్చుకుంటున్నాడని బావకి తెలిసిపోయింది. ఇప్పుడు చెప్పేస్తాడులే అనుకుని, ఆయనకి ఎంత సిగ్గుగా ఉంటుందోనని తనే తల దించుకున్నాడట. ఆ తల దించుకోవడాన్ని పక్కవాళ్ళు ఇంకోలా అనుకున్నారు.

మర్నాడు పెద్దాఫీసరు గదిలో విచారణ జరిగింది.

"ఆ పెట్టె మీరు ఎప్పుడైనా స్వయంగా తీశారా?" అని పెద్దాఫీసరు రాళ్ళ సారుని అడిగాడు.

"గుర్తులేదు సర్. తీసుంటే రిజిస్టరులో ఉంటుంది. స్టోర్‌కీపరు ఆ విషయంలో చాలా జాగ్రత్త మనిషి. నా ముక్కలు స్టోరు నుంచే కొట్టించి తెప్పించుకుని ఉంటాను."

రిజిస్టరు తెప్పించారు. ఆ పెట్టె ఆయనకిచ్చినట్టు అందులో ఎక్కడా లేదు.

బావ ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు, అబద్ధం దగ్గర ఆయన గొంతు మారలేదు. "స్టోర్‌కీపరు అన్నాడే" అన్న దగ్గర ఆగిపోయాడు. "ఇరవై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు. ఎవర్ని అంటున్నాడా అని ఒక్క క్షణం పక్కకి చూశాను."

పెద్దాఫీసరు ఒక కాగితం టైపు చేయించి ఇచ్చాడు. పెట్టె సర్దడంలో నా పొరపాటు వల్ల వరుస తిరగబడింది, క్షమించగలరు, అని ఉంది. సంతకం పెడితే మందలింపుతో సరి, మిగిలిన ఎనిమిది నెలలూ ఆ షెడ్డులోనే ఉండొచ్చు. పెట్టకపోతే తాళం అప్పగించి వేరే చోటికి పోవాలి. ఆలోచించుకోవడానికి ఒక్కరోజు గడువిచ్చాడు.

ఆ సాయంత్రం రాళ్ళ సారు ఇంటికొచ్చాడు. ఎప్పుడూ కూర్చునే ముక్కాలి పీటమీదే కూర్చున్నాడు. అక్క గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టింది.

"టీ లేదా వదినా?"

"పాలు విరిగాయి బాబూ."

వంటింట్లో పాలు పొయ్యిమీద పొంగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆయనకీ వినిపించే ఉంటుంది.

"అన్నయ్యా, నీకు ఎనిమిది నెలలు. నాకింకా పద్దెనిమిదేళ్ళు. నేను తిప్పి పెట్టానంటే ఇంతకుముందు రాసినవి కూడా ఎవరూ నమ్మరు. నువ్వు సంతకం పెడితే నీ జీతంలో ఒక్క రూపాయి తగ్గదు, నేను చూసుకుంటాను."

బావ నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాడు.

"ఆ ఇద్దరు స్నేహితులూ అంత తగువుపడి కూడా చివరికి కలవలేదా? మనం అంతకంటే తీసిపోయామా?"

ఆ మాటకి బావ మొహం మెత్తబడటం నేను చూశాను. "ఆలోచిస్తాను సారూ" అన్నాడు.

ఆయన వెళ్ళాక అక్క గుమ్మంలోనే నిలబడి, "ఏం ఆలోచిస్తారు? మీరు చేయనిది చేశానని రాసిస్తారా?" అంది.

"పిల్లలు చిన్నవాళ్ళే, వాడికి."

"మీ చేతిరాత ఆ అరలమీద ఉంది. దాని కింద ఈ సంతకం కూడా ఉంటుంది మరి."

"వాళ్ళు కలిశారుగా. అంత పెద్దవాళ్ళే పంతం వదులుకున్నారు" అన్నాడు బావ, తనలో తను అనుకున్నట్టు.

పొద్దున నేనూ ఆయన వెంట వెళ్ళాను. కాగితం చొక్కా జేబులో ఉంది. షెడ్డులో కళ్ళజోడు మేడం ఒక్కతే, ప్రతి పెట్టెనీ మళ్ళీ కొలుస్తోంది. ఊడ్చే ఆవిడ ఎవరూ చెప్పకుండానే స్టూలు తెచ్చి బావ వెనక పెట్టి వెళ్ళింది. బావ కూర్చోలేదు.

"అమ్మా, ఒక సంగతి అడగొచ్చా? పెర్మ్ అనే ఊరు నిజంగా ఉందా?"

మేడం ఆశ్చర్యపోయి చూసింది. "ఉందండీ. నేను వెళ్ళలేదు గానీ, ఉంది."

"జూరా కొండలు?"

"ఉన్నాయి."

"మూడు పొరలని ట్రయాసిక్, సుద్ద అని క్రెటేషియస్... ఇవన్నీ?"

"నిజమే. ఎందుకలా అడుగుతున్నారు?"

"నాకు చెప్పినాయన ఒక్కరే అమ్మా. ఆయన చెప్పినదాంట్లో ఏది పట్టుకోవాలో ఏది వదిలేయాలో నిన్నట్నుంచీ తెలియడంలేదు." మళ్ళీ అడిగాడు, "కేంబ్రియన్, సైలూరియన్ పేర్లు పెట్టిన ఇద్దరు స్నేహితులున్నారుగా. వాళ్ళు చివరికి కలిశారా?"

మేడం చేతిలోని కళ్ళజోడు పెట్టెమీద పెట్టింది. "లేదండీ. మధ్య పొరలకి ఆర్డోవిషియన్ అని పేరు పెట్టేనాటికి ఇద్దరూ పోయి కొన్నేళ్ళయింది. తగువు తగువులాగే ఉండిపోయింది."

"సారు కలిశారని చెప్పారు."

"మీరు బాధపడతారని అలా చెప్పి ఉంటారు."

"అయ్యుండొచ్చు. అప్పుడు నేను అయ్యో అన్నాను."

బావ ఆ స్టూలుమీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి, వెనక్కి తిప్పి, నా కలం అడిగాడు. తన గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశాడు. తొమ్మిదో బోరు నలభై రెండో పెట్టెను రిజిస్టరులో రాయకుండా ఇచ్చాను. తిరిగి వచ్చాక మూత తీసి చూడలేదు. ఈ రెండూ నా తప్పులు, క్షమించగలరు. వరుస తిప్పింది నేను కాదు. ఆ రోజు పెట్టె తీసుకున్నది ఎవరో కూడా రాశాడు. కింద సంతకం పెట్టాడు.

పెద్దాఫీసరు అది చదివి, "దీనికి సాక్ష్యం ఉందా?" అన్నాడు.

"లేదండీ."

"అయితే ఇది ఎందుకూ పనికిరాదు. మీకే నష్టం."

"తెలుసండీ. మీరు సంతకం అడిగారు, పెట్టగలిగినదానికి పెట్టాను."

మధ్యాహ్నానికల్లా బావని ఉత్తరాలు పంపించే విభాగానికి మార్చారు. పత్రికలో ఆ తర్వాత నాలుగు పంక్తుల సవరణ వచ్చిందట, నిల్వచేయడంలో జరిగిన పొరపాటు అని. అది ఎవరి పొరపాటని రాయలేదు. ఆఫీసులో మాత్రం అడగాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

తాళం ఇచ్చే ముందు బావ ఆ వరుస సరిచేసి వెళతానన్నాడు. కొలతలు పూర్తయ్యేదాకా తాళం కళ్ళజోడు మేడం దగ్గర ఉంచమన్నారు గనక ఆవిడే దగ్గరుండి చేయించింది. ఒక్కో ముక్కా రెండు చేతులతో ఎత్తి, గీత చూసి, తిప్పి పెట్టాడు. చివరి ముక్క కొస, ఐదో వరుస మొదటి ముక్కకి చప్పుడు కాకుండా అతికింది. విరిగినచోటి మెట్టు మెట్టూ కలిసింది. గవ్వలు ఉండాల్సినచోట ఆగిపోయాయి.

రాళ్ళ సారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో నాకు తెలియదు.

"అన్నయ్యా" అన్నాడు.

బావ మూత పెట్టి, తడిచేతులు తుడుచుకున్నాడు. "ఏ పెట్టె కావాలన్నా మేడం గారిని అడగండి సార్. తాళం ఆవిడ చేతిలో ఉంది" అని, ఆయన పక్కనుంచి నడిచి బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

ఇంట్లో బావ రోజూ సాయంత్రం దేవుడి ముందు కూర్చుని కావలసినవాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి దణ్ణం పెట్టుకునేవాడు. ఆ రోజూ కూర్చున్నాడు. అక్క పేరు చెప్పాడు, నా పేరు చెప్పాడు. రాళ్ళ సారు పిల్లలిద్దరి పేర్లూ చెప్పాడు, వాళ్ళమ్మ పేరు చెప్పాడు. ఆ తర్వాతి పేరు దగ్గర ఆగాడు. అక్క కంచాలు పెట్టి, పిలవకుండా నిలబడింది. బావ చేతులు జోడించుకునే చాలాసేపు ఉన్నాడు. తర్వాత ఆ పేరు చెప్పకుండానే లేచి అన్నానికి వచ్చాడు.